బేతంచెర్ల గుహలో శిలాజ దంతం: కదపకుండా ఎవరికి అప్పగించాలి?

నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర ఒక సున్నపురాయి గుహ. ముఖద్వారం నుంచి 30 మీటర్ల లోపల, గోడ అడుగున ఎర్రమట్టి పొరలో పెద్ద జంతువు దవడపన్ను, సుమారు 4 సెంటీమీటర్లు, సగం బయటికి కనిపిస్తోంది. దగ్గర్లోని బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాల్లో జంతు శిలాజాలు దొరికాయి కాబట్టి తేలిగ్గా తీసుకోలేను.

పన్ను ముట్టుకోలేదు. పెరికితే ఏ పొరలోదో చెప్పలేం, జిగురు పూస్తే కాలనిర్ణయం చెడొచ్చు. స్కేలు పెట్టి ఫొటోలు, నేల నుంచి పొర ఎత్తు, గుహ ముఖం దగ్గర జీపీఎస్ తీసుకున్నాను. ఒక ప్రభుత్వ కార్యాలయానికి, ఒక విశ్వవిద్యాలయానికి మెయిల్ పెట్టి ఆరు వారాలైంది, జవాబు లేదు. ఈలోగా పక్క గదిలో గుప్తనిధుల వాళ్లు తవ్విన మట్టి తాజాగా ఉంది. ఇక రీల్స్ వాళ్ల కంటబడితే అంతే సంగతులు.

చోటు బయటికి పొక్కకుండా నిపుణులు వచ్చి చూడాలంటే, మొదట ఎవరిని నేరుగా కలవాలి?