కోలుకుంటున్న అమ్మాయి పెరటాసి ఒక్కపొద్దు ఉండొచ్చా?

తిరుచానూరు పెద్దమ్మ: మా చెల్లెలి కూతురికి 19 ఏళ్లు. అనోరెక్సియా (లావవుతానన్న భయంతో తిండి తగ్గించేసే మానసిక జబ్బు) వచ్చి బాగా చిక్కిపోయింది. కౌన్సెలింగ్‌తో మెల్లగా కోలుకుంటోంది. బరువు పెరిగింది, నెలసరి మళ్లీ మొదలైంది. ఇప్పుడు పెరటాసి (వెంకన్నను కొలిచే తమిళ నెల) శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని పట్టుబట్టింది. స్వామికి మొక్కుకుంది, కాదనకూడదని మా అమ్మ. వద్దని చెల్లెలు. మీరేమంటారు?

పలమనేరు మాస్టారు: ఉండనివ్వండమ్మా. రోజూ ఎవరో ఒకరు కంచం వైపే చూస్తూ కూర్చుంటే ఆ పిల్లకి ఊపిరెలా ఆడుతుంది? నలుగురితో పాటు ఒక్కపొద్దు ఉంటే తానూ అందరిలాంటిదాన్నే అనుకుంటుంది. భక్తిని కూడా జబ్బు లెక్కలో వేస్తే ఇక ఆమెకి మిగిలేదేముంది?

కోలుకున్నదాన్ని, తిరుపతి: మాస్టారూ, పిల్ల మీద ప్రేమతోనే అన్నారు. కానీ నేను ఆ జబ్బు పడి లేచినదాన్ని. మామూలు రోజుల్లో తినకపోతే ఇంట్లో తిట్లు, శనివారం తినకపోతే మెప్పు. "ఈ వయసులో ఎంత నిష్ఠ!" అనేది మా అమ్మమ్మ. అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి వస్తే ఇరుగుపొరుగు కూడా మెచ్చుకునేవారు. నా మనసులో మాత్రం గోవిందుడు లేడు, ఎన్ని కేలరీలు కరిగాయన్న లెక్కే. ఆ మెప్పు రుచి మరిగాక శనివారం కాస్తా గురువారానికి, ఏకాదశికి, సంకటహర చవితికి పాకింది. మిగతావాళ్లు ఒక్కపొద్దు విడవగానే ఆకలిగా తింటారు. నాకు ఆ విడిచే వేళంటేనే భయం.

చిత్తూరు డైటీషియన్: భక్తి సంగతి పక్కన పెట్టినా, ఆకలే మనిషిని మార్చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులను దాదాపు ఆరు నెలలు అరకొర తిండితో ఉంచి చూశారు. ఏ మానసిక జబ్బూ లేనివాళ్లకే పొద్దస్తమానం తిండి ధ్యాస, దిగులు, చిరాకు. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. తిండి పెంచాక కూడా మనసులు వెంటనే కుదుటపడలేదు. కాబట్టి బరువు పెరిగినంత మాత్రాన జబ్బు పోయిందనుకోవద్దు. పూట తప్పకుండా తినడమే ఇక్కడ అసలు మందు. షుగర్ ఉన్నవాళ్లు ఉపవాసం మానేస్తే ఎవరూ నొచ్చుకోరు, దీనికి మాత్రం ఎందుకు?

పలమనేరు మాస్టారు: షుగర్ రక్తపరీక్షలో తెలుస్తుంది. దీనికి హద్దు ఎవరు గీస్తారు? జీవితాంతం వద్దంటారా?

కోలుకున్నదాన్ని: జీవితాంతం కాదు, చూస్తున్న డాక్టర్ సరే అనేదాకా. ఈలోగా మొక్కు మార్చుకోమనండి పెద్దమ్మా. మన వైపు పెరటాసి అంటే తళిగ, అంటే స్వామికి పెట్టే నైవేద్యం కూడా కదా! నామం పెట్టుకుని, పిండి దీపం వెలిగించి, గోవింద కొట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని తింటారు. వడ్డించే పని మాత్రం ఆమెకి ఇవ్వకండి. వడ్డిస్తూ తినకుండా తప్పించుకోవడం మాకు బాగా తెలుసు. "ఒళ్లు చేశావే" అని ఎవర్నీ అననివ్వొద్దు.

చిత్తూరు డైటీషియన్: అడగడానికి దగ్గర్లో ఎవరూ లేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

తిరుచానూరు పెద్దమ్మ: ఇవన్నీ మా అమ్మకి చదివి వినిపించాను. తళిగకి ఒప్పుకుంది గానీ, మొక్కు తప్పుతోందన్న దిగులు పోలేదు. పిల్ల అలిగి కూర్చుంది. శనివారం లోపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం, అమ్మని కూడా వెంటబెట్టుకుని.