పార్కిన్సన్స్: నీళ్ళు తాగితే పొలమారుతోంది, మాత్ర దిగడం లేదు

ప్రశ్న:
నాన్నగారికి 71 ఏళ్ళు, పార్కిన్సన్స్. అన్నం నిదానంగా తింటున్నారు కానీ మంచినీళ్ళు, టీ తాగితే పొలమారుతోంది. నీళ్ళలో కార్న్‌ఫ్లోర్ కలపొచ్చా? పార్కిన్సన్స్‌కి వాడే సిండోపా మాత్ర నలిపి ఇవ్వొచ్చా?

జవాబు 1:
పల్చటివాటితోనే ఇబ్బందండీ. శ్వాసనాళం మూసుకునేలోపే నీళ్ళు జారిపోతాయి. చిక్కనివైతే నెమ్మదిగా దిగుతాయి. కార్న్‌ఫ్లోర్ ఉడికించి కలిపినా లాలాజలం తగలగానే పల్చబడుతుంది. పానీయాలు చిక్కబరిచే శాంథన్ గమ్ పొడి అలా కాదు. చిక్కదనం ఇలా చూడండి: సూది, లోపలి తోసే పుల్ల తీసేసిన 10 మి.లీ. సిరంజి (0 నుంచి 10 గీత వరకు 61.5 మి.మీ. ఉండాలి) కొన వేలితో మూసి, చిక్కబరిచిన నీళ్ళు 10 గీత దాకా పోయండి. వేలు తీసి, 10 సెకన్లకు మళ్ళీ మూయండి. 1–4 మి.లీ. మిగిలితే కాస్త చిక్కన, 4–8 అయితే ఒక మోస్తరు, 8 దాటితే బాగా చిక్కన. ఆయనకు ఏది సరిపోతుందో మింగుడు పరీక్ష చేయించి స్పీచ్ థెరపిస్ట్‌ చేతే చెప్పించుకోండి. మరీ చిక్కనైతే గొంతులో మిగిలిపోయి, ఆనక శ్వాసనాళంలోకి జారుతుంది. పైగా ఇష్టపడక తాగడం తగ్గించేస్తారు.

జవాబు 2:
మాత్ర పేరు పక్కన సీఆర్ (మందును నెమ్మదిగా వదిలే రకం) అని ఉంటే నలపొద్దు, మందంతా ఒక్కసారే ఒంట్లోకి వస్తుంది. మామూలుదైనా డాక్టర్‌ని అడిగాకే. చాలామంది పెరుగులో పెట్టి మింగిస్తారు. అందులోని ప్రొటీన్ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. మెత్తటి అరటిపండు గుజ్జు మేలు. భోజనానికి అరగంట ముందు వేస్తే, మందు పనిచేసే వేళకు ముద్ద పెట్టొచ్చు. మింగడం అప్పుడే కాస్త తేలిక.

ప్రశ్న అడిగినవారు:
చారన్నం పెట్టొచ్చా? ఐస్‌క్రీమ్ అడుగుతున్నారు.

జవాబు 1:
రెండూ వద్దండీ. చారన్నంలో మెతుకు నోట్లో ఉండగానే చారు గొంతులోకి పోతుంది. ఐస్‌క్రీమ్ నోట్లో కరిగి నీళ్ళవుతుంది. పెరుగన్నం మెతుకు తెలియకుండా పిసికి, నీళ్ళు తేలకుండా పెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, సగం చెంచా చొప్పున, నోరు ఖాళీ అయ్యాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు.

జవాబు 3:
పొలమారితే నెత్తిన తట్టి నీళ్ళు పట్టడం మనకు అలవాటు. ఆ నీళ్ళే మళ్ళీ శ్వాసనాళంలోకి పోతాయి! ముందుకు వంచి దగ్గనివ్వండి. దగ్గలేక, మాట రాక, ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించి, వీపు మధ్యలో మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో గట్టిగా 5 సార్లు చరవండి. ఫలితం లేకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. అడ్డుపడ్డది వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. దగ్గు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి పోవడమూ ఉంది. తిన్నాక గొంతు తడితడిగా గరగరలాడుతున్నా, తరచూ జ్వరం వస్తున్నా ఆలస్యం చేయకుండా చూపించండి. రెండు పూటలా పళ్ళు, నాలుక శుభ్రం చేయించండి. నోట్లోని క్రిములు ఉమ్మితో పాటు దిగినా న్యుమోనియా రావచ్చు.