చిప్ తరం మారితే నిజంగా ఏం మారుతోంది? డిజైన్ గొప్పా, ఫ్యాక్టరీ గొప్పా?

పాతకాపు: నా దగ్గర 2020లో కొన్న ఫోన్ ఉంది, అందులో క్వాల్‌కామ్ కంపెనీ స్నాప్‌డ్రాగన్ 865 చిప్. మా మేనల్లుడు "మామయ్యా, ఐదు తరాలు వెనకబడ్డావు, స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్ చిప్ ఉన్న ఫోన్ తీసుకో" అని ఒకటే పోరు. ఈ తరాల్లో సరుకెంత, పేరెంత? తెలిసినవాళ్లు చెప్పండి.

సిలికాన్_శాస్త్రి: చిప్ వెరిఫికేషన్‌లో, అంటే డిజైన్‌లో తప్పులు పట్టే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. కోర్ అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగం. 865లో పెద్ద కోర్, కోర్ డిజైన్లు అమ్మే ఆర్మ్ కంపెనీ వాళ్ల కార్టెక్స్ ఏ77. 2024లో వచ్చిన 8 ఎలైట్‌లో క్వాల్‌కామ్ సొంతంగా గీసుకున్న ఓరియాన్ కోర్లు. రెండు 4.32 గిగాహెర్ట్జ్‌వి, ఆరు 3.53వి. చిన్న కోర్లు పూర్తిగా తీసేశారు. పెద్ద కోర్ పని చప్పున ముగించి నిద్రపోతుంది, చిన్నది అదే పనిని ఈడ్చుకుంటూ చేస్తుంది. చాలాసార్లు మొదటి పద్ధతికే బ్యాటరీ తక్కువ పడుతుంది. మీడియాటెక్ అనే మరో చిప్ కంపెనీ 2023లోనే డైమెన్సిటీ 9300 చిప్‌తో ఈ దారి పట్టింది. ఇదంతా డిజైన్ అండీ, పేరు మార్పు కాదు.

రైడర్_బెజవాడ: డిజైన్ అని తేల్చేస్తే ఎలా శాస్త్రిగారూ? క్వాల్‌కామ్ చిప్‌లే 8 జెన్ 1, 8 ప్లస్ జెన్ 1 పక్కపక్కన పెట్టండి. కోర్లు అవే, ఆర్మ్ వాళ్ల ఎక్స్2, ఏ710, ఏ510. మారిందల్లా తయారీ శాంసంగ్ ఫ్యాక్టరీ నుంచి తైవాన్‌లోని టీఎస్ఎంసీ ఫ్యాక్టరీకి పోవడమే. దాంతోనే కరెంటు పొదుపు 30 శాతం దాకా మెరుగైందని 2022లో క్వాల్‌కామే చెప్పుకుంది. స్పీడు కూడా కాస్త పెరిగింది. మరి గొప్ప ఎవరిది?

నా సంగతీ చెబుతా. 2021లో అప్పు చేసి ఒక ఖరీదైన ఫోన్ కొన్నా, కంపెనీ పేరు వద్దులెండి. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర బండి హోల్డర్‌లో ఉండగానే ఫోన్ వేడెక్కి స్క్రీన్ దానంతటదే మసకబారేది. మ్యాప్‌లో బాణం నేనెప్పుడో దాటేసిన సందు దగ్గరే ఆగిపోయేది. ఆర్డర్ లేటైతే రేటింగ్ తగ్గేది నాకు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఎండలో పెట్టకండి" అన్నారు. బెజవాడలో!

మౌనిక_ఎం: చిన్న సవరణ. ఈ చిప్‌లకి చెప్పే 4 నానోమీటర్ అనేది కొలత కాదు, ప్రాసెస్‌కి, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసే పద్ధతికి పెట్టిన పేరు. చిప్‌లోని బుల్లి స్విచ్, అదే ట్రాన్సిస్టర్, దాని గేటు పొడవు అంతకన్నా చాలా ఎక్కువ.

సిలికాన్_శాస్త్రి: పేరు సంగతి ఇక్కడెవరూ ఎత్తలేదు. రైడర్‌గారూ, ఒక్క ఉదాహరణ పట్టుకుని వేలాడకండి. 8 జెన్ 2, 8 జెన్ 3 రెండూ టీఎస్ఎంసీ 4 నానోమీటర్ కుటుంబమే. అయినా ఎక్స్3 పోయి ఎక్స్4 వచ్చాక సీపీయూ వేగం 30 శాతం దాకా పెరిగిందని ప్రకటించారు. ఫ్యాక్టరీ అదే కదా, మరి ఆ వేగం ఆకాశం నుంచి ఊడిపడిందా? ఎండకి వేడెక్కడం అంటారా, ఫోన్ లోపల వేడి బయటికి పోయే ఏర్పాటు సరిగా లేకపోతే ఏ చిప్ అయినా అంతే. ఆ కోపం చిప్ మీద చూపించకండి.

మౌనిక_ఎం: ఎవరూ ఎత్తకపోయినా అది కొలత కాదు.

గేమర్_తమ్ముడు: స్పీడు కొలిచే అంటుటు యాప్‌లో స్కోరు ఎంతొస్తే అంత మంచి ఫోన్. సింపుల్.

రైడర్_బెజవాడ: తమ్ముడూ, 2022లో శాంసంగ్ ఫోన్లలోని జీఓఎస్ అనే గేమ్ సాఫ్ట్‌వేర్ గొడవ గుర్తుందా? గేమ్ తెరిస్తే స్పీడు తగ్గించేవాళ్లు, స్పీడు కొలిచే బెంచ్‌మార్క్ యాప్ తెరిస్తే తగ్గించకుండా వదిలేసేవాళ్లు. గీక్‌బెంచ్ అనే బెంచ్‌మార్క్ యాప్ వాళ్లు గెలాక్సీ ఎస్10 నుంచి ఎస్22 దాకా ఆ ఫోన్లను తమ పట్టికలోంచే పీకేశారు. నువ్వు చూసే స్కోరు మొదటి నిమిషానిది. నాకు కావాల్సింది రెండో గంట.

సిలికాన్_శాస్త్రి: మళ్లీ దారి మళ్లించారు. ఒక్కో శాతం కోసం మా టీమ్ నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుంటుంది. ఒక బగ్ తప్పించుకుని ఫ్యాక్టరీకి పోయిందంటే కోట్లు బూడిద. ఆ టెన్షన్ ఏంటో తెలియనివాళ్లు అంతా ఫ్యాక్టరీ మహిమే అని తీర్పులు చెప్పేస్తే ఒళ్లు మండదా? కోర్ అంటే ఏంటో తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.

గేమర్_తమ్ముడు: 🍿

రైడర్_బెజవాడ: సరే మాస్టారూ, తెలిసినంత చెబుతా. ఇప్పుడు నేను వాడేది పద్నాలుగు వేల ఫోన్. మా రైడర్లంతా కొనేది ఆ రేటులోనే. ఆ రేటు ఫోన్లు చాలావాటిలో మీడియాటెక్ హీలియో జీ99 చిప్ ఉండేది. వచ్చింది 2022లో. అందులో రెండు ఏ76 కోర్లు, అవి ఆర్మ్ 2018లో ప్రకటించినవి. మిగతా ఆరూ ఏ55లు, 2017 నాటివి. తర్వాత 2024లో జీ100 అని కొత్త నంబరుతో వచ్చింది. మూత తీసి చూడండి, అవే రెండు, అవే ఆరు! మీ రాత్రిళ్ల కష్టాన్ని నేనేం కాదనట్లేదు. అది నా జేబు దాకా రాలేదంటున్నా.

పాతకాపు: ఇంతకీ నేను కొనాలా వద్దా?

సిలికాన్_శాస్త్రి: రాలేదనడం అన్యాయం. అదే హీలియో వరసలో 2020 నాటి జీ85 12 నానోమీటర్ చిప్. జీ99 6 నానోమీటర్. కోర్ల అమరిక దాదాపు అదే అయినా బ్యాటరీ దగ్గర ఎంత తేడా ఉందో వాడినవాళ్లని అడగండి.

రైడర్_బెజవాడ: అంటే ఫ్యాక్టరీ ప్రాసెస్ మారినందువల్ల! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదండీ.

మౌనిక_ఎం: 6 కూడా కొలత కాదు.

లక్ష్మి_టీచర్: పాతకాపుగారూ, మామూలు వాడకానికి 865 ఇప్పటికీ చాలు. బ్యాటరీ మార్పించుకోండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయేమో మాత్రం చూసుకోండి. ఆగిపోయి ఉంటే బ్యాంకు యాప్‌లు దాంట్లో పెట్టకండి. 2024లో వచ్చిన శాంసంగ్ ఎస్24 లాంటివాటికి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు, 2020 ఫోన్లకి ఆ భాగ్యం లేదు.

సిలికాన్_శాస్త్రి: థ్రెడ్ మొదలైంది 8 ఎలైట్ గురించి. పద్నాలుగు వేల ఫోన్ల మీద వాదించాలంటే వేరే థ్రెడ్ తెరవండి. కొత్త కోర్‌కి పెట్టిన ఖర్చు ముందు ఖరీదైన ఫోన్ల మీద రాబట్టుకుంటేనే తర్వాత కిందికి దిగుతుంది. ఏ వ్యాపారమైనా అంతే.

రైడర్_బెజవాడ: దిగడానికి ఆరేళ్లా? థ్రెడ్ పేరు మళ్లీ ఒకసారి చదవండి. అందులో రేటు రాసి లేదు.