పరమ శూన్యమా, నిరపేక్ష సున్నా?

మొన్న ఈ గ్రూపులో ఒకరు అబ్సల్యూట్ జీరోకి (ఇక అంతకన్నా చల్లబరచడం కుదరని ఉష్ణోగ్రత, దాదాపు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) తెలుగు మాట ఏంటని అడిగితే చాలామంది వెంటనే "పరమ శూన్యం" అని రాశారు. తప్పని అనను, తెలుగు మీడియంలో మేం చదువుకున్నదీ అదే, పరమ శూన్య ఉష్ణోగ్రత అని. కానీ ఆ మాట నన్ను చాలా ఏళ్ళు పక్కదారి పట్టించింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

శూన్యం అనగానే మనకి సున్నా కన్నా ముందు ఖాళీ గుర్తొస్తుంది కదా. అవే సైన్సు పాఠాల్లో "శూన్యంలో ధ్వని ప్రయాణించదు" అని చదివుంటాం, అక్కడ శూన్యం అంటే వాక్యూమ్, మరి అదే నోటితో పరమ శూన్యం అంటే పిల్లలు ఏమనుకుంటారు? నేనైతే మైనస్ 273 దగ్గర డబ్బాలో ఉన్న గాలంతా మాయమైపోతుందనుకున్నా. దానికి తోడు ఆ గ్రాఫ్ ఒకటి, వాయువుని ఒత్తిడి మార్చకుండా ఒక్కో డిగ్రీ చల్లబరుస్తూ పోతే సున్నా డిగ్రీల దగ్గరున్న ఘనపరిమాణంలో 273వ వంతు చొప్పున తగ్గుతుంది, ఆ గీతని అలా కిందకి పొడిగిస్తే మైనస్ 273 దగ్గర సున్నాకి తగులుతుంది. కానీ అక్కడిదాకా వెళ్ళేది స్కేలు పెట్టి మనం గీసిన గీత మాత్రమే, వాయువు వెళ్ళదు, ఏ వాయువైనా అంతకుముందే ద్రవమో గడ్డో అయిపోతుంది. అన్నిటికన్నా మొండిది హీలియం, దాన్ని కూడా 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఆన్నెస్ అనే శాస్త్రవేత్త ద్రవంగా మార్చారు, దాదాపు 4.2 కెల్విన్ల దగ్గర, అంటే అబ్సల్యూట్ జీరోకి 4.2 డిగ్రీలే పైన.

ఇంకో మాట కూడా తరచూ వినిపిస్తుంది, అక్కడ అణువుల కదలిక పూర్తిగా ఆగిపోతుందని. అదీ కాదండి. క్వాంటం లెక్క ప్రకారం ఇక తీసుకోవడానికి వీల్లేని కాస్త కదలిక మిగిలే ఉంటుంది, అందుకే మామూలు ఒత్తిడిలో హీలియం ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు. వస్తువూ ఉంటుంది, ఆ కాస్త కదలికా ఉంటుంది, మరి శూన్యం అనడానికి ఏం మిగిలింది?

అసలు చిక్కు "అబ్సల్యూట్" దగ్గరుంది. దాన్ని మనం "పూర్తిగా, అచ్చంగా" అని తీసుకుని పరమ అనేశాం, పరమాత్మలో పరమలాగా. ఇక్కడ దాని అర్థం వేరు, దేనితోనూ పోల్చకుండా తనంతట తాను నిలిచేది అని. సెల్సియస్ సున్నా మనం నీళ్ళని చూసి పెట్టుకున్నది, నీళ్ళు గడ్డకట్టే చోట ఒక గీత గీసి సున్నా అన్నాం, అంతే. 1742లో ఆండర్స్ సెల్సియస్ అయితే మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట 100 పెట్టాడు, తర్వాత తిరగేశారు. అలా తిరగేయగలిగామంటేనే అది మన చేతిలో ఉన్న సున్నా అని కదా. 1848లో విలియం థామ్సన్, అదే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, థర్మామీటర్లో వాడే పాదరసం మీదో గాలి మీదో ఆధారపడని కొలత కావాలన్నాడు. దానికి సరిగ్గా సరిపోయే మాట మన దగ్గర ఉంది, నిరపేక్షం. సాపేక్ష సిద్ధాంతంలో సాపేక్షానికి ఎదురు మాట.

"నిరపేక్ష అంటే ప్రేమ లేనిదన్నట్టు వినిపిస్తోంది" అని పైన ఒక అక్క రాశారు. నిజమే, మన ఇళ్ళలో అపేక్ష అంటే అభిమానమే, "ఎంతో అపేక్షగా పలకరించాడు" అంటాం. సంస్కృతంలో ఆ మాటకి ఇంకోదాని మీద ఆధారపడటం, దానికోసం చూడటం అనే అర్థం ఉంది, సాపేక్షంలోకి వచ్చింది అదే. పుస్తకంలో రాయాలంటే నేను నిరపేక్ష సున్నా అనే రాస్తా. పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం "అసలు సున్నా" అంటున్నా, అసలూ వడ్డీ అంటామే ఆ అసలు, లెక్క మొదలయ్యే చోటు.

ఇది మాటల పట్టింపు కాదు, లెక్కే మారిపోతుంది. చలికాలంలో లంబసింగిలో సున్నాకి పడిపోయిందని పేపర్లో వస్తుంది, ఎండాకాలంలో రెంటచింతలలో 47 అని వస్తుంది. సున్నా నుంచి 47కి అంటే ఎన్ని రెట్లని అడిగితే ఏం చెప్తాం? అసలు సున్నా నుంచి లెక్కపెడితే లంబసింగి 273, రెంటచింతల 320. అంత ఎండకీ పెరిగింది ఆరో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. మా మేనకోడలికి ఇది చెప్తే ఫ్రిజ్ తెరిచి ఐస్ ట్రే మీద వేలు పెట్టి "అయితే మావయ్యా, దీన్లో కూడా వేడి ఉందా" అంది. అది మైనస్ 18లో ఉంది, "ఉందమ్మా, అసలు సున్నాకి ఇంకా 255 మెట్లు దిగాలి" అన్నా.

ఆ మెట్లని "డిగ్రీల కెల్విన్" అనకండి దయచేసి, 1967లోనే ఆ డిగ్రీని తీసేశారు, ఉత్త కెల్విన్లు అంటే చాలు.

ఉష్ణం, ఉష్ణోగ్రత ఒకటే కదా అని అడిగిన తమ్ముడికి: కాదు. ఉష్ణ + ఉగ్రత, గుణసంధి, వేడి ఎంత తీక్ష్ణంగా ఉందో చెప్పేది. గరిటెడు మరిగే నీళ్ళ ఉగ్రత ఎక్కువ, కానీ బకెట్టెడు గోరువెచ్చటి నీళ్ళు చల్లారుతూ ఇచ్చే వేడే ఎక్కువ, గరిటెడు వేణ్ణీళ్ళు బకెట్టు చన్నీళ్ళలో పోసి స్నానానికి కూర్చుంటే తెలిసిపోతుంది. ఈ మాట చేసినవాళ్ళకి దండం పెట్టాలి, టెంపరేచర్‌లో కూడా ఇంత స్పష్టత లేదు. గుప్తోష్ణం కూడా అంతే బాగుంటుంది, ఐస్ కరుగుతున్నంతసేపూ వేడి లోపలికి పోతూనే ఉంటుంది, గ్రాముకి దాదాపు 80 కెలోరీలు, థర్మామీటర్ మాత్రం సున్నా దగ్గరే నిలబడి ఉంటుంది. దాక్కున్న వేడి.

రాకెట్లలో వాడే క్రయోజెనిక్ ఇంజిన్‌ని "అతిశీతల ఇంజిన్" అనడం మాత్రం నాకు నచ్చదు. శ్రీహరికోట నుంచి ఎగిరే జీఎస్ఎల్వీ రాకెట్‌లో ఆ ఇంజిన్ దగ్గర చల్లగా ఉండేది ఇంధనం, ద్రవ హైడ్రోజన్ మైనస్ 253, దాన్ని మండించే ద్రవ ఆక్సిజన్ మైనస్ 183. ఇంజిన్ లోపల మాత్రం భగభగ మంటే. "అతిశీతల ఇంధన ఇంజిన్" అని ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది, పేపర్లలో పనిచేసేవాళ్ళు ఇక్కడ ఉంటే కాస్త చూడండి.