కారు లేకుండా లేక్ డిస్ట్రిక్ట్: అమ్మానాన్నలతో బస్సుల్లో కుదురుతుందా?

ప్రశ్న: ఉండేది మాంచెస్టర్‌లో, నాకు డ్రైవింగ్ రాదు. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ కొండలూ సరస్సులూ చూపించాలని ఉంది. బస్సుల్ని నమ్ముకోవచ్చా?

జవాబు: నిశ్చింతగా వెళ్లండి. విండర్‌మియర్ దాకా రైలు, స్టేషన్ దగ్గరే 555 బస్సు. ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్ మీదుగా కెజిక్ చేరుస్తుంది. డబుల్ డెక్కర్ వస్తే పైన ముందు సీటు పట్టుకోండి. థిర్ల్‌మియర్ సరస్సు పక్కన చెట్ల సందుల్లోంచి నీళ్లు మెరుస్తుంటే మా అమ్మ పులిహోర పొట్లం సగం విప్పి అలాగే ఉండిపోయింది. కెజిక్‌లో లాంచీ ఎక్కి హాస్ ఎండ్‌లో దిగితే క్యాట్‌బెల్స్ కొండ. ఎత్తు 451 మీటర్లే, కానీ పైన రాళ్లు పట్టుకుని ఎక్కాలి.

మరో జవాబు: మోకాళ్ల నొప్పులుంటే కొండ వద్దండీ, కెజిక్ పక్కనే ఉన్న డెర్వెంట్‌వాటర్ సరస్సు ఒడ్డున నడవండి. చివరి బస్సు టైము ముందే ఫొటో తీసుకోండి. నాకోసారి బస్సు తప్పిపోయి గంటన్నర వానలో నిలబడ్డాను.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ! నాన్నకి ఒడ్డు, నాకు కొండ.