నెలకి చేసిన పని 40 వేలు దాటితే 10, 60 దాటితే 15 పర్సెంట్ కమీషన్ అన్నాను, మూడు లెక్కలు వస్తున్నాయి. ఏది ఇవ్వాలి?

బైరాగిపట్టెడ సెలూన్:
అన్నలూ, పొద్దున తొమ్మిది నుంచి ఎక్సెల్ ముందే కూర్చున్నా. మంగళవారం షాపు సెలవు కదా, గంటలో లెక్క తేల్చి పడుకుందామనుకుంటే అన్నం కూడా చల్లారిపోయింది. మా దగ్గర నలుగురు పనిచేస్తారు. జీతం, దాని మీద కమీషన్. 40 వేల దాకా ఏమీ లేదు. 40 దాటితే 10 పర్సెంట్, 60 దాటితే 15. పోయిన నెల మా సీనియర్ పిల్లాడు 78,750 చేశాడు. వాడు ఫోన్‌లో కొట్టి 11,812 రూపాయల 50 పైసలు అంటున్నాడు. నేను చేత్తో వేస్తే 5,812.50. షీటేమో 4,812.50 చూపిస్తోంది. మూడింట్లో ఆ 812.50 మాత్రం కదలడం లేదు, ముందున్నదే మారుతోంది! ఫార్ములా ఎక్కడ పోయిందో చెప్పండి. రేపు జీతాలివ్వాలి, టెన్షన్‌గా ఉంది.

ట్యాలీ తమ్ముడు:
ఫార్ములా పోలేదు. 15 పర్సెంట్ మొత్తం మీదా, దాటినదాని మీదా?

బైరాగిపట్టెడ సెలూన్:
దాటినదాని మీదే కదన్నా. అందరికీ తెలిసిందేగా.

మూడో నెంబరు కుర్చీ:
ఎవరికి తెలుసన్నా? నేను పనిచేసిన రెండు షాపుల్లోనూ 60 దాటితే మొత్తం మీదే ఇచ్చారు. నెల చివర ఆదివారం పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా నిలబడేది ఆ గీత దాటడానికే. మీ పిల్లాడూ అదే అనుకుని చేసుంటాడు. వాడికి మీరు ఏ మాటల్లో చెప్పారో ఆ మాటలే ఇక్కడ పెట్టండి.

చిత్తూరు పెద్దాయన:
అసలు కమీషన్ అనడమే తప్పు సామీ. కమీషన్ దళారీకిస్తారు, మండీలో టమాటా అమ్మిపెట్టినోడికిస్తారు. చేత్తో పనిచేసేవాడిది వాటా. మా నాయన రోజుల్లో కత్తెర, దువ్వెన, మిషను పనోడివి. కుర్చీ, అద్దం, కరెంటు షాపాయనవి. పొద్దుగూకినాక గల్లాపెట్టె బోర్లించి సగం సగం. నెలాఖరు లేదు, షీటు లేదు, తగువు లేదు. ఇప్పుడు జీతమని ఒక చేత్తో, కమీషనని ఇంకో చేత్తో ఇస్తారు, రెండూ కలిపినా ఆ సగం రాదు.

ట్యాలీ తమ్ముడు:
పెద్దాయనా, అప్పుడు కటింగుకి సబ్బు, పౌడరు ఖర్చు. ఇప్పుడు జుట్టు నున్నగా చేసే కెరాటిన్ ఒక్కదానికే మందు ఖర్చు ఎంతో మీకు తెలియంది కాదు. సగం సగం ఇస్తే ఏసీ బిల్లు ఎవరు కడతారు?

చిత్తూరు పెద్దాయన:
ఏసీ నేనడిగానా?

పన్నుల పంతులు:
అందరూ అసలు విషయం వదిలేశారు. ఆ 78,750 జీఎస్టీతో కలిపా, తీసేశాకా? నలుగురు పనిచేసే షాపంటే ఏడాదికి 20 లక్షలు దాటే ఉంటుంది, అంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ పనుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. కలరు డబ్బా కొన్నప్పుడు కట్టిన పన్ను ఇక వెనక్కి రాదు, మీ ఖర్చే. అందుకని మందు ఖర్చు తీసేశాకే కమీషన్ లెక్కెయ్యడం న్యాయం. ఇంకోటి, ఉద్యోగికి ఇచ్చే కమీషన్ ఇన్‌కం ట్యాక్స్‌లో జీతం కిందికే వస్తుంది. ఏజెంటు కమీషన్‌లో ముందే పన్ను కోసే టీడీఎస్ సెక్షన్ దీనికి వర్తించదు. ఈ సంగతి నేను చాలాసార్లు రాశాను, ఎవరూ చదవరు.

బైరాగిపట్టెడ సెలూన్:
పన్ను కలిపే అన్నా. బిల్లు మీద కనిపించే రేటే. అది చెప్పాలని తట్టలేదు.

ట్యాలీ తమ్ముడు:
అది కదా ముందు చెప్పాల్సింది! 78,750ని 1.05తో భాగించండి, 75,000 వస్తుంది. ఐదు శాతం తీసేస్తే సరిపోతుందని 3,937 కొట్టేస్తారు చాలామంది, అది తప్పు. పన్ను 75,000 మీద పడింది, 78,750 మీద కాదు.

ఇక మీ మూడు లెక్కలు. వాడు మొత్తానికి 15 వేశాడు. మీరు చేత్తో వేసినప్పుడు 40 వేల పైనున్నదంతా 15తో వేశారు. షీటు 40 నుంచి 60 దాకా 10, ఆ పైన 15 వేసింది. మీరు చెప్పిన స్లాబుకి షీటుదే కరెక్టు. 75,000కి అయితే 4,250 రావాలి. ఫార్ములా సులువుగా కావాలంటే మ్యాక్స్ వాడండి. అమ్మకంలోంచి 40 వేలు తీసి, సున్నా కంటే తగ్గితే సున్నా అని పెట్టి, దానికి 10 పర్సెంట్. మళ్ళీ అమ్మకంలోంచి 60 వేలు తీసి, అలాగే చేసి, దానికి ఇంకో 5 పర్సెంట్. రెండూ కూడండి. 35,000కి 3,500, 15,000కి 750. ఇఫ్‌లో ఇఫ్ పెట్టి తల పగలగొట్టుకోనక్కర్లేదు.

మొత్తం మీద ఇచ్చే పద్ధతిలో ఒక గొయ్యి ఉంది. 59,900 చేసినవాడికి 5,990, 60,100 చేసినవాడికి 9,015. రెండొందల తేడాకి మూడు వేలు. ఆఖరి రోజు బిల్లు ఎవరి పేర కొట్టాలని కౌంటరు దగ్గర గొడవ అక్కడే మొదలవుతుంది.

మూడో నెంబరు కుర్చీ:
నిజమే, చూశాను. ఒకడి హెడ్ మసాజ్ ఇంకొకడి పేర పడుతుంది. ఇంకోటి కూడా చూసుకోండి. కస్టమరు స్కాన్ చేసి 500 కడితే అందులో 50 టిప్పు ఉంటుంది. అది ఓనరు అకౌంటులోకి పోయి అమ్మకంలో కలిసిపోతుంది. పిల్లాడికి 50 రావాల్సింది, పర్సెంట్ కింద ఐదు రూపాయలొస్తాయి.

పన్నుల పంతులు:
మందు ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరేం?

మూడో నెంబరు కుర్చీ:
మాట్లాడితే మాకే కోత కాబట్టి.

బైరాగిపట్టెడ సెలూన్:
వాడికి నేను పెట్టిన మెసేజి వెతికి తీశాను. "60 దాటితే 15 పర్సెంట్ ఇస్తా రా" అని ఉంది, అంతే. ఇంకో సంగతి. ఆ నెలలో ఒక పెళ్ళి ప్యాకేజీ చేశాం, 10,500 బిల్లు. జడ వాడు వేశాడు, మేకప్, చీర కట్టడం మా అమ్మాయి చేసింది. బిల్లు మొత్తం వాడి పేరు మీదే పడింది. దాన్ని విడదీయాలా?

ట్యాలీ తమ్ముడు:
ఇది ఇప్పుడా చెప్పేది?

చిత్తూరు పెద్దాయన:
విడదీయకపోతే ఆ బిడ్డ ఉసురు తగులుతుంది. మాటంటావా, ఇచ్చిన మాట రెండు విధాలుగా అర్థమైతే పనోడికి అర్థమైన తీరునే ఇయ్యాల. కాగితం రాసుకోనిది నువ్వు. కల్యాణకట్టలో పీస్ రేటు మీద పనిచేసేవాళ్ళకి చూడు, ఇన్ని గుండ్లకి ఇంతని లెక్క ఎవరికైనా అర్థమవుతుంది.

ట్యాలీ తమ్ముడు:
కల్యాణకట్టలో కెరాటిన్ చెయ్యరు పెద్దాయనా.

పన్నుల పంతులు:
వాటా అంటే భాగస్వామ్యం అనే అర్థం వస్తుంది, ఆ మాట కాగితం మీద పెట్టకండి. ఇన్సెంటివ్ అని రాయండి.

చిత్తూరు పెద్దాయన:
పేరు మారిస్తే డబ్బులు పెరుగుతాయా పంతులూ?

బైరాగిపట్టెడ సెలూన్:
ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాను. పన్ను తీస్తే ప్యాకేజీ 10,000. అమ్మాయికి 6,000, వాడికి 4,000 అని వాళ్ళే ఒప్పుకున్నారు. వాడిది 69,000కి దిగింది. ఈ ఒక్క నెలకి మొత్తం మీదే 15 వేసి 10,350 ఇచ్చాను, మెసేజి నాదే కాబట్టి. అమ్మాయిది పన్ను తీశాక 37,000 ఉండేది, ఈ 6,000 కలిపితే 43,000 అయింది. వాడికి మొత్తం మీద ఇచ్చి ఆమెకి దాటినదాని మీద ఇవ్వలేను కదా, 4,300 ఇచ్చాను. ఆ నెల తనకేమీ రాదని ఊరుకుందట, పాపం అడగనూ లేదు. వచ్చే నెల నుంచి దాటినదాని మీదే, బిల్లులో ఎవరి పని వాళ్ళ పేర. కాగితం రాసి టవళ్ళ బీరువా తలుపుకి అంటించాను. అన్నలకి థ్యాంక్స్.

మూడో నెంబరు కుర్చీ:
దాటినదాని మీదే అంటే మీ సీనియర్ ఉంటాడా, చూసుకోండి.

పన్నుల పంతులు:
మందు ఖర్చు తీయలేదు.

శ్రీకాళహస్తి కత్తెర:
అన్నా, ఆ షీటు ఒకసారి ఇక్కడ పెట్టగలరా? నాది ముగ్గురే, కానీ ఇదే తలనొప్పి.

శ్రీకాళహస్తి కత్తెర:
అన్నా?