గ్రూమింగ్ అంటే క్షవరమా, మాలీసా?

హనుమకొండలో మా వీధి చివర కొత్తగా ఒక దుకాణం తెరిచారు. బోర్డు మీద ‘కుక్కలకు క్షవరం చేయబడును’ అని తెలుగులో రాయించారు. చూడగానే సంతోషం వేసింది. కానీ గ్రూమింగ్ అంటే స్నానం, దువ్వడం, గోళ్ళు తీయడం, చెవులు తుడవడం అన్నీ కదా! ఇంకా తగిన మాట ఉంటే చెప్పండి. బోర్డు మార్చడానికి ఆ అబ్బాయి సిద్ధంగానే ఉన్నాడు.

కరీంనగర్ నుంచి: ‘ముస్తాబు’ బాగుంటుంది అన్నా. ఇంగ్లిష్‌లో పెళ్ళికొడుకును కూడా గ్రూమ్ అంటారు కాబట్టి పొంతన కూడా కుదురుతుంది.

జనగామ నుంచి: అమ్మా, ముస్తాబు అందమైన మాటే, కానీ ఆ పొంతన నిలవదు. పెళ్ళికొడుకును పాత ఇంగ్లిష్‌లో ‘బ్రిడ్‌గుమ’ అనేవారు. ‘గుమ’ అంటే మనిషి. ఆ మాట మరుగున పడ్డాక, వినడానికి దగ్గరగా ఉన్న ‘గ్రూమ్’ వచ్చి దాని చోట కూర్చుంది. అసలు గ్రూమ్ మొదట కుర్రవాడు, తరువాత నౌకరు, ఆ తరువాత గుర్రాలను చూసుకునేవాడు. 19వ శతాబ్దం మొదట్లో అతని పనే క్రియ అయింది. కుక్కల దగ్గరికి ఆ మాట గుర్రపుశాల నుంచే వచ్చింది.

అదే దారిలో నడవగల మాట మనకూ ఉంది: మాలీసు. రుద్దడం అనే అర్థమున్న పారసీ మాట నుంచి వచ్చింది. గుర్రానికి మాలీసు చేయడం సాయిసు పని. ఒళ్ళు తోమే పళ్ళ సాధనానికి ‘గొరపం’ అనే చక్కని పేరు కూడా ఉంది. ఇంత సరంజామా ఇంట్లో ఉండగా కొత్త మాట పుట్టించడం ఎందుకు?

క్షవరం మాత్రం వద్దు. ఫ్రెంచివారికి గొర్రె ఉన్ని కత్తిరించడానికీ కుక్క బొచ్చు కత్తిరించడానికీ ఒకటే క్రియ. పారిస్‌లో పాన్ నెఫ్ వంతెన దగ్గర కుక్కల బొచ్చు కత్తిరించి బతికేవారు ఉండేవారు. వాళ్ళ చేతికి ఎక్కువగా వచ్చిన పూడిల్‌కు ఆ కత్తిరింపు అవసరం కూడా. అది నీటిలో పడిన వేటను తెచ్చే కుక్క. ఈదడానికి అడ్డు లేకుండా ఒళ్ళంతా కత్తిరించి, చలి తగలకుండా ఛాతీ మీద, కీళ్ళ మీద బొచ్చు ఉంచేవారు. మా ఊళ్ళో కురుమలు గొర్రె కాళ్ళు కట్టి పక్కకు పడుకోబెట్టి కత్తెర ఆడిస్తుంటే, నల్లటి ఉన్ని గొంగడి ముక్కలా ఒక్కటిగా విడివడి వచ్చేది. గొర్రెకు అది సరే. పమేరియన్‌కు అలా చేయకూడదు. దానికి పైబొచ్చు, లోబొచ్చు రెండు పొరలు. రాలిన లోబొచ్చును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది. పైపొర ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. మన మే నెల ఎండల్లో దాన్ని గొరిగేస్తే చర్మం కమిలిపోతుంది. బోర్డు మీద ‘క్షవరం’ చూసి ఎవరైనా పమేరియన్‌ను తెచ్చి గొరిగించమంటారేమోనని నా భయం.

ములుగు నుంచి: సాయిసు అనేది కాకతీయుల కాలపు ‘సాహిణి’ నుంచి వచ్చిందా సార్? జాయప సేనాని గణపతిదేవుడి గజసాహిణి కదా.

జనగామ నుంచి: మంచి ప్రశ్న తమ్ముడూ. రెండూ వేరు. సాయిసు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. సాహిణి అంతకు ముందే మన శాసనాల్లో ఉన్న మాట. అది సాయిసులా ఒళ్ళు తోమేవాడి పేరు కాదు, ఏనుగుల దళానికో గుర్రాల దళానికో అధికారి పదవి. గ్రూమ్, గుమల లాగే ఇక్కడ కూడా పోలిక చెవికే.

హనుమకొండ నుంచి: అబ్బాయికి చెప్పాను. మాలీసు అంటే జనం నూనె మర్దన అనుకుంటారేమో అంటున్నాడు.

జనగామ నుంచి: అతని సందేహం న్యాయమైనదే. ‘కుక్కలకు స్నానం, మాలీసు’ అని రాయించి, పక్కన పెద్ద దువ్వెన బొమ్మ వేయించమనండి.